వంత రాని పాట

మా అమ్మ బుర్రకథలో వంత. కుడి పక్కన నిలబడే హాస్యం వంత. మధ్యలో నాన్న తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ కథ చెప్పేవారు. ఎడమ పక్కన మా పిన్ని. అమ్మ చేతిలో డక్కీ. రాజుగారు కోపంతో కత్తి దూశారని నాన్న గొంతు పెంచగానే అమ్మ అందుకుని, "అయ్యో, పొద్దున్నించీ ఏవన్నా తిన్నారా లేదా పాపం?" అనేది. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. తెనాలి చుట్టుపక్కల అమ్మ మాటల కోసమే కథకు వచ్చేవాళ్ళున్నారని నాన్నే చెప్పేవారు, కాస్త కుళ్ళుకుంటూ.

లోకంలో వంత పాడటం అంటే తిట్టు. మా ఇంట్లో అది కూడు పెట్టిన విద్య. ఎవరైనా ఆ మాటను తేలిగ్గా వాడితే అమ్మకు ఒళ్ళు మండేది. "కథ చెప్పేవాడి ఊపిరి వంత చేతిలో ఉంటదే. మనం అందుకున్నంతసేపే ఆయన గుక్క తిప్పుకునేది. మనం పలక్కపోతే ఆయనేమైపోవాలి?" అనేది.

ఆ అమ్మ సింగపూర్‌లో నా ఫ్లాట్‌కు వచ్చాక పలకడం మానేసింది.

మాట్లాడటం మానేసిందని కాదు. పులుసులో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అనేది. నీళ్ళు కాగాయా అంటే కాగాయనేది. మానేసింది ఊ కొట్టడం. మన ఇళ్ళల్లో కథ చెప్పాలంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా. ఊ ఆగిందంటే కథ ఆగుతుంది, పిల్లలు నిద్రపోయారని అర్థం. మా ఇంట్లో మాత్రం ఆ ఆచారం తిరగబడి ఉండేది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేను చెప్పేదాన్ని, అమ్మ బియ్యం ఏరుతూ ఊ కొట్టేది. "ఊ... ఊ, తర్వాత?" అని ఆమె అంటుంటే నేను లేనివి కూడా కల్పించి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడి ఏదైనా మొదలుపెడితే, నా మాటలు అమ్మ దాకా వెళ్ళి, అక్కడ ఆనుకునే చోటు లేక కింద పడిపోయేవి.

చెప్పడానికి సంగతులకేం కొదవ లేదు. రెండువేల సంవత్సరం పుట్టగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఆ హడలే మాకు అన్నం పెట్టింది. అమీర్‌పేటలో కోర్సు చేసినవాడల్లా విమానం ఎక్కాడు, నేనూ ఎక్కాను. ఇప్పుడు వన్-నార్త్ అంటున్నారే, ఆ వైపే మా ఆఫీసు. బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా వెతికి నాలుగంకెలు చేయడం మా పని. చూసీ చూసీ కళ్ళు మూసుకున్నా అంకెలే. మీటింగుల్లో మేనేజర్ ఏదంటే దానికి అందరం తలాడించేవాళ్ళం. అసలైన వంత కూతుర్ని, నేను మాత్రం నకిలీ వంత పాడి జీతం తెచ్చుకుంటున్నానని నవ్వుకునేదాన్ని. ఆ జోకు అమ్మకు చెప్పాను. అమ్మ నా వైపు చూసి, లేచి వెళ్ళి కుక్కర్ దించింది. నాకు అసలే ఓపిక తక్కువ. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయమని గట్టిగానే అనేసి, ఆ తర్వాత స్నానాల గదిలో ఏడ్చాను.

కారణం నాకు తెలుసు. నాన్న ఆసుపత్రిలో పోయారు. అమ్మ ఆ మంచం పక్కనే ఉండేది, కదిలేది కాదు. ఒక మధ్యాహ్నం మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. పక్క మంచం మీదున్న పెద్దాయన మంచి మనసుతోనే చెప్పాడు. "ఏదో కథ చెప్పుకుంటన్నారమ్మా. ఒక ముక్క చెప్పటం, ఆగి కుడేపుకి చూట్టం. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ ఆగటం. ఎవరో అందుకుంటారన్నట్టు." బతికినంత కాలం అందుకున్న మనిషి ఆ ఒక్కసారి అక్కడ లేదు. ఆ మాట అమ్మలో ముల్లులా దిగిపోయింది. నేను తియ్యలేకపోయాను.

ఆదివారాలు లిటిల్ ఇండియాకు తీసుకువెళ్ళేదాన్ని. గోంగూర చూపించాను, గుంటూరు మిరపకాయలు చూపించాను. అమ్మ తల ఊపింది. కరీంనగర్ నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చి ఓడల యార్డుల్లోనూ భవనాల మీదా పనిచేసే కుర్రాళ్ళు పచ్చిక మీద గుంపులు గుంపులుగా కూర్చుని ఉండేవారు. అమ్మ నిలబడి వాళ్ళ వైపు చూసేది. వేదిక మీంచి జనాన్ని చూసే చూపది, నాకు బాగా తెలుసు. చివరి వరసకు గొంతు అందుతుందా అని కొలుచుకునే చూపు. అంతలోనే కొంగు సర్దుకుని, పద పోదాం అనేది.

మా ఆయన అప్పట్లో ప్రాజెక్టు పని మీద సిడ్నీలో ఉన్నాడు. ఇంట్లో మేమిద్దరమే. శనివారం మధ్యాహ్నాలు మా వరండాలో కాలం నిద్రపోయేది. వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు కదిలేవి కావు. ఎదుటి బ్లాకు ఎండలో కరిగి, నీళ్ళలో నీడలా వణుకుతూ కనిపించేది. తర్వాత ఒక్కసారిగా మబ్బు పట్టి, గదులన్నీ నీలంగా మారి, వాన దిగేది. అటువంటి ఒక వానలోనే ఆ పాట మొదటిసారి విన్నాం.

వరసలో చివరి ఫ్లాట్ అంకుల్‌ది. తెలుగాయనే, కానీ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "నా తాత విశాఖపట్నం నించి కప్పల్ ఎక్కి వచ్చినారు మా, జొహోర్‌లో రబ్బర్ తోటకి. నా తెలుగు కొంచెం పాతది, అడ్జస్ట్ చేసుకో లా," అని మొదటి రోజే చెప్పాడు. కప్పల్ అంటే ఓడ. ఆయన మాటల్లో తెలుగు, తమిళం, మలయ్ ఒకే కంచంలో కలిపి తిన్నట్టు ఉండేవి. నేను కనిపిస్తే చాలు, "మకాన్ అయిందా మా?" అని అడిగేవాడు. తిన్నావా అని. చిన్నప్పుడు సెంబవాంగ్ నౌకాదళం గోదాములో పనిచేశాడు. మరమ్మతుకు వచ్చిన ఒక అమెరికా ఓడలో నల్లజాతి వంటవాడు ఆయనకు స్నేహితుడయ్యాడు. అంకుల్ వాళ్ళమ్మ చేసిన చేపల పులుసు రోజూ తిని, వెళ్ళేటప్పుడు ఋణం ఉంచుకోకూడదని తన పెట్టెలోంచి ఒక పాత నల్ల గ్రామఫోన్ రికార్డు తీసి ఇచ్చాడు. కింద పడితే పెంకులా పగిలే రకం. అంకుల్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకునేవాడు.

ఆ రోజు వాన చప్పుడులోంచి ముందు ఒక గరగర వచ్చింది, జల్లెడలో తవుడు ఆడించినట్టు. దానిలోంచి ఒక గొంతు. అలసిన మగ గొంతు, భాష ఇంగ్లీషే గాని నాకు సగం అర్థం కాలేదు. ఒక్క గిటారు. తీగల మీద గాజుముక్క జారుస్తూ వాయిస్తున్నాడేమో, స్వరం మెట్లు దిగకుండా జారుడుబల్ల మీద నుంచి జారినట్టు దిగుతోంది. ఒక వరస పాడతాడు. గిటారు ఏదో సగం అంటుంది. తర్వాత అదీ ఆగిపోతుంది. ఒక గుక్క తిప్పుకునేంత ఖాళీ. మళ్ళీ అదే వరస ఎత్తుకుంటాడు.

బట్టలు లోపలికి లాగుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. తడి చీర చుట్ట పట్టుకుని, వరండాలో నడుచుకుంటూ అంకుల్ కిటికీ ఊచల దాకా వెళ్ళి నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. పాట అయ్యేదాకా అమ్మ కదల్లేదు. తర్వాత ఎవరితో అంటోందో తెలియకుండా అంది.

"వంత రాలేదు."

అంకుల్ లోపలి నుంచి, "ఏం అక్కా?" అన్నాడు.

"ఆయన ఆగాడు. వంత రాలేదు. మళ్ళీ తనే ఎత్తుకున్నాడు."

అంకుల్ ముఖం వెలిగిపోయింది. ఆ పాట గురించి ఒక మనిషి తనంతట తాను మాట్లాడటం ఆయనకు పండగ. "ఆ గ్యాప్ ఉందే అక్కా, అదే ఈయనకి పేరు తెచ్చింది! తెల్లోళ్ళు దాని గురించి పేజీలు పేజీలు రాసినారు. పెద్ద పెద్ద గిటారు వాళ్ళంతా ఆ సైలెన్స్ కాపీ కొట్టడానికి చూస్తారు, రాదు."

"గొప్పేవుందన్నయ్యగారూ, రావల్సిన మనిషి రాకపోతే?" అంది అమ్మ. తడి చీర చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. నేను వెంటపడి ఎన్ని అడిగినా మళ్ళీ ఉలకలేదు, పలకలేదు. కానీ ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆరిన బట్టలను మళ్ళీ మళ్ళీ తిరగేస్తూ వరండాలోనే ఉండేదని అంకుల్ చెప్పాడు. ఆయన కూడా తక్కువవాడు కాదు, కిటికీ బార్లా తెరిచి ఆ పాటే పెట్టేవాడు.

నాకు పట్టుదల పెరిగింది. ఆ పాటగాడెవరో తెలుసుకుని వచ్చి చెబితే అమ్మ ఇంకో మాట అంటుందేమో అన్న ఆశ. ఆఫీసులో ప్రోగ్రాములు నడుస్తున్న ఖాళీలో ఇంటర్నెట్‌లో వెతికాను. అప్పట్లో ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ముక్కలు ముక్కలుగా దొరికినదంతా పోగుచేసుకుని, తర్వాతి శనివారం అంకుల్ ముందుగదిలో కూర్చున్నాను. బయట వాన. అమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద, ఒళ్ళో స్టీలు పళ్ళెంలో కొత్తిమీర బాగుచేస్తోంది. అంకుల్ పిలిచాడు కాబట్టి వచ్చింది, నా కోసం కాదు.

"ఆయనది పత్తి పొలాల దేశం అంకుల్," అని మొదలుపెట్టాను. "తాత బానిస. తండ్రి కౌలుకు చేసేవాడు. ఈయనకు చిన్నప్పుడే చూపు మందగించింది. పొలానికి పనికిరాడని గిటారు చేతికిచ్చారు."

"ఆమా, ఆమా," అవునవునని తమిళంలో అన్నాడు అంకుల్.

"అడవుల్లో కలప కొట్టే కూలీల శిబిరాలుండేవట. శనివారం కూలి డబ్బు చేతిలో పడ్డాక వాళ్ళకు పాట కావాలి. ఈయన రైలు పట్టాల వెంట నడుస్తూ శిబిరం నుంచి శిబిరానికి తిరిగేవాడు. వరద వస్తే వరద మీద పాట, ఎవరినైనా జైల్లో వేస్తే దాని మీద పాట."

చెబుతుంటే నాకే వింతగా అనిపించింది. నా గొంతు లేస్తోంది, దిగుతోంది, ముక్క ముక్కకీ ఆగుతోంది. చదువుకున్నదాన్ని, ప్రాజెక్టు గురించి ఎప్పుడూ గడగడా అప్పజెప్పేదాన్ని, నాన్నలా చెబుతున్నాను. ఆగిన ప్రతిసారీ కుడి పక్కకు చూశాను. అమ్మ కొత్తిమీర కాడలు తుంచుతోంది.

"ఆయన వెంట ఒకావిడ తిరిగేదట," అన్నాను. "భార్యో కాదో తెలీదు. శిబిరాల్లో పనిచేసిన ముసలివాళ్ళకు గుర్తుంది, ఆయన ఎక్కడికొచ్చినా ఆవిడ పక్కన ఉండేదని."

"ఏం చేసేదంట?"

అమ్మే అడిగింది. తల ఎత్తలేదు.

"రాయలేదమ్మా. ఆమె గురించి అంతే ఉంది."

"ఊరికే ఎందుకు తిరుగుద్ది?" అంది అమ్మ. "సరే చెప్పు."

 ఆ "చెప్పు" కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో. బయటపడితే ఎగిరిపోతుందేమోనని ఏమీ పట్టనట్టే కొనసాగించాను. "రికార్డుల కంపెనీవాళ్ళు పట్నంలో ఒక సామాన్ల కొట్టు మేడ మీద గదిలో దుప్పట్లు వేలాడదీసి పాటలు పట్టేవాళ్ళు. ఈయన సంగతి ఎవరో చెబితే రమ్మని రైలు టిక్కెట్టు పంపారు."

"ఎందరికి?"

"ఒక్కరికే."

అమ్మ చేతిలోని కాడ పళ్ళెంలో పెట్టేసింది. "అదీ సంగతి," అంది అంకుల్‌తో. "చూశారా అన్నయ్యగారూ. ఆవిడ అందుకునే చోటది. అలవాటు కొద్దీ ఆగుతున్నాడు. పక్కన లేదుగా మరి. గిటారుతో కాసింత సర్దుకుని, తనే మళ్ళీ ఎత్తుకుంటన్నాడు. దానికి గొప్పని పేరెట్టారు మీవాళ్ళు."

అది నిజమో కాదో నాకు తెలియదు. ఏ పేజీలోనూ లేదు. అంకుల్ మాత్రం ఆ రికార్డు వైపు కొత్తగా చూశాడు. బతుకంతా మెచ్చుకున్న నిశ్శబ్దంలోంచి ఒక మనిషి లేచి నిలబడితే ఎవరైనా అలాగే చూస్తారు. "ఐయో," అని మాత్రం అన్నాడు, చాలా నెమ్మదిగా.

మిగతాది తొందరగా చెప్పేశాను. రికార్డు ఒక వైపుకు మూడు నిమిషాలే పట్టేది. సమయం అయిపోతే గదిలో ఎర్రదీపం వెలిగేది. ఈయనకు దీపం సరిగా కనబడదు కనుక భుజం తట్టేవారు. తట్టగానే ఆపెయ్యాలి, పాట ఎక్కడున్నా సరే. అందుకే ఆ పాట నడిమధ్యలో తెగిపోతుంది. తర్వాత దేశంలో గడ్డుకాలం వచ్చి కంపెనీ మూతపడింది. ఆయన ఒక బట్టల ఇస్త్రీ దుకాణంలో పనికి కుదిరి, అలాగే పోయాడు. సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు, ఒక్క ఫొటో కూడా లేదు. చాలా ఏళ్ళకు ఎవరో కుర్రాళ్ళు పాత సామాన్లలో ఆ రికార్డులు ఏరుకుని, ఆయన వరసల మీద కరెంటు గిటార్లు వాయించి కోటీశ్వరులయ్యారు. నాకు ఆ ముక్క దగ్గర కోపం వచ్చింది, అంకుల్‌కూ వచ్చింది. అమ్మ మాత్రం ఆ కుర్రాళ్ళ గురించి విన్నట్టే లేదు.

"మళ్ళీ పెట్టండన్నయ్యగారూ," అంది.

స్టూలు లాక్కుని వెళ్ళి ఆ గ్రామఫోన్ పెట్టెకు కుడి పక్కన కూర్చుంది. పళ్ళెంలోని కొత్తిమీరను నా ఒళ్ళో కుమ్మరించి, ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. అంకుల్ ముల్లు దించాడు. గరగర. బయట వాన ఏది, లోపల వాన ఏది తెలియని చప్పుడు. వేలాడదీసిన దుప్పట్ల మధ్య, కళ్ళు సరిగా కనబడని ఒక మనిషి, ఏ దేశమో తెలియని మేడ గదిలో గొంతు సవరించుకున్నట్టే అనిపించింది.

మొదటి వరస పాడి ఆగాడు. అమ్మ పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. రెండో వరస పాడి ఆగాడు.

"ఊ," అంది అమ్మ.

నా చేతిలో కొత్తిమీర వాసన ఇప్పటికీ ఉంది. ఆ మనిషి మళ్ళీ ఎత్తుకున్నాడు. నాకు మాత్రం ఈసారి ఒంటరిగా ఎత్తుకున్నట్టు అనిపించలేదు. అమ్మ వేళ్ళు పళ్ళెం మీద మెల్లగా పడుతున్నాయి. ఆయన ఆగితే "ఆహా" అంటోంది, గిటారు జారితే "అలాగా" అంటోంది. ఒకచోట ఆగి, "ఏవంటన్నాడు?" అని అంకుల్‌ని అడిగింది.

"రైలు వెళ్ళిపోయింది, నా మనిషి రాలేదు అంటాడు అక్కా."

"పోతే పోయిందిలే నాయనా," అంది అమ్మ పెట్టె వైపు తిరిగి, వేదిక మీది గొంతుతో. "ఇంకో బండి రాదా ఏంటి? ఈ లోపల రెండు ఇడ్లీలు తిను!"

అంకుల్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే. తెనాలి మైదానాల్లోని ఆ పాత నవ్వు ఒక్క క్షణం ఆ చిన్న గదిలోకి వచ్చి కూర్చుంది.

అంతలో పాట తెగిపోయింది. ఎవరో భుజం తట్టారు. ముల్లు చివరి గీతలో పడి తిరుగుతోంది, గరగర, గరగర. ఆపడానికి అంకుల్ చెయ్యి చాచాడు. అమ్మ ఆయన్ని చూడటం లేదు. పెట్టె వైపూ చూడటం లేదు. తన ఎడమ పక్కకు, కథకుడు నిలబడే చోటికి, అక్కడ ఉన్న ఖాళీ గోడ వైపు చూస్తోంది.

"ఊ," అంది. "ఊ. చెప్పండి."

గరగర.

"ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను, ఈసారి ఎక్కడికీ పోలేదు. మీరు చెప్పండి."

అంకుల్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముల్లు తిరుగుతూనే ఉంది. అమ్మ ఆ గరగరకు ఊ కొడుతూనే ఉంది, ఒక్కోసారి చిన్నగా నవ్వుతూ, ఒక్కోసారి "అయ్యో" అంటూ, చాలాసేపు. ఆమెకు ఏం వినిపించిందో నేను అడగలేదు. అది నాన్న ఆమెకు చెప్పాల్సిన కథ, నాది కాదు. చివరికి ఆమే రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుని, "ఇంక తియ్యండన్నయ్యగారూ," అంది.

సాయంత్రానికి వాన వెలిసింది. వరండా అంతా పసుపు వెలుగు. ఇంటికి వచ్చి అన్నం పెట్టుకున్నాం. అలవాటు కొద్దీ ఆఫీసు సంగతి ఒకటి మొదలుపెట్టాను. మా మేనేజర్ మీటింగులో తన సొంత పుట్టినరోజే తప్పు చెప్పాడని, అందరం అవునని తలాడించామని. అలవాటు కొద్దీనే మధ్యలో ఆగిపోయి, చారు కలుపుకోసాగాను.

"ఊ," అంది అమ్మ. "తర్వాత?"

తర్వాత ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.